తొంబదియొకటి తెచ్చిన తంటా



గతమాసమున మాకు చేరిన జాబులలో ఒకదానిని మేము పలుమాఱులు చదువుకొంటిమి. వ్రాసిన సోదరి తన పేరును ఊరిని వెల్లడింపవలదని కోరినది గనుక వెల్లడింపము. ఆమె కుమార్తె ఆఱవ తరగతి చదువుచున్నది. నూఱులోపలి ప్రధానసంఖ్యలను వ్రాయుమని పరీక్షలో అడుగగా ఆ బాలిక 26 సంఖ్యలు వ్రాసినదట. ఉండవలసినవి 25 మాత్రమే. అదనముగా వచ్చి కూర్చున్నది 91. ఉపాధ్యాయుడు దానిచుట్టు ఎఱ్ఱసిరాతో సున్న చుట్టి, తరగతి యంతయు వినునట్లు, "ఆడపిల్లవు, నీకీ లెక్కల గొడవ యేల?" అనెనట. పిల్ల యింటికి వచ్చి లెక్కల పుస్తకమును మూసి పెట్టెలో పడవేసినది. పదునైదు దినములైనను తెఱవలేదు. తండ్రి "పోనిమ్ము, లెక్కలు లేని చదువులు లేవా?" అనుచున్నాడు. తల్లి అయిదవ తరగతితో చదువు మానినది. "91 ఏల ప్రధానసంఖ్య కాదో నాకును తెలియదు. దానికేమని చెప్పుదును?" అని ఆమె మమ్ము అడుగుచున్నది.

ఈ మాసము మా పుటను ఆ సోదరికొఱకే వినియోగించుచున్నాము. తక్కినవారును చదువవచ్చును. చదివినచో వంటయింటికిని వాకిటికిని పనికివచ్చు సంగతులు రెండుమూడు దొరకకపోవు.

ముగ్గువేయు చేతికి ఈ విషయము క్రొత్తది కాదు. పండ్రెండు చుక్కలు పెట్టవలయుననుకొనుడు. వరుసకు నాలుగు చొప్పున మూడు వరుసలు పెట్టవచ్చును. ఆఱు చొప్పున రెండు వరుసలు పెట్టవచ్చును. ఎటు చూచినను ముగ్గు నిండుగా నుండును. పదుమూడు చుక్కలు పెట్టి చూడుడు. రెండు వరుసలు చేసిన ఒక చుక్క మిగులును. మూడు వరుసలు చేసినను ఒకటి మిగులును. నాలుగు చేసినను అంతే. ఐదు చేసిన మూడు మిగులును, ఆఱు చేసిన మరల ఒకటి. పదుమూడు చుక్కలకు కుదురునది గడప పొడవున పెట్టు ఒంటి బారు ఒక్కటే. ఇట్లు ఒంటిబారుగా తప్ప మఱియొక విధముగా అమరనిది ప్రధానసంఖ్య. వరుసలుగా అమరునది సంయుక్తసంఖ్య. బడిపుస్తకములో "1 చేతను, తనచేతను తప్ప మఱి యే సంఖ్యచేతను నిశ్శేషముగా భాగింపబడనిది" అని యుండునది ఈ మాటయే.

ఒకటి సంగతి యేమని కొందఱు అడుగుదురు. ఒకటి ఈ రెండు కులములలో దేనికిని చెందదు. పూర్వము పండితులలోనే దీనినిగూర్చి ఏకాభిప్రాయము లేకుండెను. అమెరికాలో లేమర్ అను గణితజ్ఞుడు 1914లో ప్రకటించిన ప్రధానసంఖ్యల పట్టికలో మొదటి సంఖ్యగా ఒకటి యున్నది. తరువాతివారు దానిని తీసివేసిరి. ఏలయన, ప్రతి సంయుక్తసంఖ్యను ప్రధానసంఖ్యలుగా విడదీయుటకు ఒక్కటే మార్గముండవలెను. 12 అనగా రెండు రెండ్లు, ఒక మూడు. వీనిని గుణించిన 12 వచ్చును. మఱి యే ప్రధానసంఖ్యలను తెచ్చి గుణించినను 12 రాదు. ఒకటిని గూడ ఈ పంక్తిలో కూర్చుండబెట్టినచో, దానిని ఎన్నిమాఱులు చేర్చినను ఫలము మాఱదు గనుక, లెక్కకు కట్టుబాటు లేకపోవును. కావున ఒకటిని వేఱుగా నుంచిరి. మీ పిల్ల దానిని వ్రాయకుండుట మంచిదైనది.

ఇక 91. నూఱులోపలి సంఖ్యలను వడబోయుటకు జల్లెడను మించిన సాధనము లేదు. మేము హాస్యమాడుట లేదు. క్రీస్తునకు పూర్వము 3వ శతాబ్దిలో, ఐగుప్తుదేశమునందలి అలెగ్జాండ్రియా నగరపు గ్రంథాలయమునకు అధిపతియై, భూమి చుట్టుకొలతను నీడనుబట్టి లెక్కకట్టిన ఎరటోస్తనీసు అను గ్రీకుపండితుడు కనిపెట్టినట్లు చెప్పబడు ఈ పద్ధతికి జల్లెడయనియే పేరు. ఒక కాగితముమీద 1 మొదలు 100 వఱకు వ్రాసి ఒకటిని కొట్టివేయవలెను. రెండును ఉంచి దాని గుణిజములనన్నిటిని, అనగా 4, 6, 8 మొదలగువానిని, కొట్టివేయవలెను. ఈ మొదటి జల్లింపులో 49 సంఖ్యలు పోవును. పిమ్మట మూడును ఉంచి దాని గుణిజములలో మిగిలియున్నవానిని కొట్టివేయగా 16 పోవును. ఐదుతో చేయగా 6 పోవును. ఏడుతో చేయగా పోవునవి మూడే మూడు: 49, 77, 91. అంతటితో పని ముగిసినది. జల్లెడలో మిగిలిన 25యును ప్రధానసంఖ్యలు. రాలిపోయిన 74యును సంయుక్తసంఖ్యలు.

ఏడుతోనే యేల ఆపితిమని పిల్ల అడుగవలెను. అడుగనిచో తల్లి అడిగింపవలెను. నూఱులోపలి సంఖ్య యేదైనను రెండు సంఖ్యల లబ్ధమైనప్పుడు ఆ రెండును పదిని మించియుండుట అసంభవము. రెండును పదిని మించిన లబ్ధము నూఱు దాటును గదా. ఒకటి పదిలోపలిదే కావలెను. పదిలోపల ప్రధానసంఖ్యలు 2, 3, 5, 7 మాత్రమే. కావున ఈ నాలుగు జల్లెడలు చాలును.

ఇప్పుడు ఆ మూడు సంఖ్యలను చూడుడు. 49 ఎక్కములో నోటికి వచ్చునదే, ఏడేళ్లు నలుబదితొమ్మిది. 77 రెండు ఏడులు ప్రక్కప్రక్కన నిలుచుండి తమ గుట్టు తామే చెప్పుకొనుచున్నవి. మిగిలినది 91. అది సరిసంఖ్య కాదు. చివర ఐదు గాని సున్న గాని లేదు. అంకెలు కూడిన పది వచ్చును, కాబట్టి మూడుచేత పోదు. ఏడవ యెక్కమును నేటి పిల్లలు ఏడుపదులు డెబ్బదితోనో, బహుశః పండ్రెండేళ్లు ఎనుబదినాలుగుతోనో ఆపివేయుదురు. ఏడుపదుమూళ్లవఱకు పోవువారు తక్కువ. వెనుకటి వీథిబడులలో పదుమూడవ యెక్కమును మొదలుకొని పెద్దయెక్కములను కంఠస్థము చేయించువారు. ఆ పిల్లలకు 91 దొరకిపోయెడిది. అనగా నూఱులోపల నున్న 74 సంయుక్తసంఖ్యలలో, ప్రధానసంఖ్య వేషము వేసికొని నిలువగలిగినది ఇదొక్కటే. 25 ప్రధానసంఖ్యలను తప్పక వ్రాసి, 74లో 73ని సరిగా తప్పించి, ఆ ఒక్క వేషధారిచేత మోసపోయిన పిల్లను లెక్కలు రానిదానినిగా ఎంచుట మాకు న్యాయముగా తోపలేదు. ఎఱ్ఱసున్న చుట్టుటకు పట్టిన కాలములో ఆ గురువు "ఏడుచేత భాగించి చూడుము" అనియుండవచ్చును.

భాగహారముకంటె తేలికగా ఈ వేషమును విప్పు సాధనము మీ గోడకు వ్రేలాడుచునే యున్నది. క్యాలెండరు తీసి ఏప్రిల్ 1వ తేదీ యే వారమో చూడుడు. పిమ్మట జూలై 1వ తేదీ యే వారమో చూడుడు. రెండును ఒకటే. ఈ సంవత్సరము మాత్రమే కాదు, ఏ సంవత్సరమునకు చూచినను ఒకటే. ఏల? ఏప్రిల్‌కు 30 దినములు, మేకు 31, జూనుకు 30, మొత్తము 91. తొంబదియొక్క దినములు గడిచి మరల అదే వారము వచ్చినదనగా, వానిలో వారములు ఏమియు మిగులకుండ సరిపోయినవన్నమాట. లెక్కించిన సరిగా పదుమూడు వారములు. ఏడు దినములు, పదుమూడు వారములు. 91 గుట్టు బయటపడినది. ఆ సోదరి తన బిడ్డను గోడయొద్దకు పిలిచి, మాటాడక, ఈ రెండు తేదీలను వ్రేలితో చూపవలెనని మా కోరిక.

క్యాలెండరు తలపునకు వచ్చినది గనుక సంయుక్తసంఖ్యలకు మనము పడియున్న ఋణమునుగూర్చి కొంచెము చెప్పవలెను. లోకములో ప్రధానసంఖ్యలకు పేరు, సంయుక్తసంఖ్యలకు చాకిరి. పంచిపెట్టవలసిన పని వచ్చినప్పుడెల్ల మన పెద్దలు అతివివేకముతో సంయుక్తసంఖ్యలనే యెన్నుకొనిరి. దినమునకు 60 గడియలు, గడియకు 60 విగడియలు, ప్రభవ మొదలు అక్షయవఱకు 60 సంవత్సరములు. గాజులు డజను. 1957 ఏప్రిల్ 1వ తేదీన నయాపైసలు వచ్చువఱకు రూపాయకు 16 అణాలు, అణాకు 12 పైలు. అనగా రూపాయకు 192 పైలు. ఆ రూపాయను ముగ్గురు తోడికోడండ్రకు పంచవలసివచ్చిన తలకు 5 అణాల 4 పైలు చొప్పున సరిగా సరిపోయెడిది, తగవు లేదు. నేటి రూపాయకు 100 పైసలు. ముగ్గురికి పంచిన తలకు 33 వచ్చి ఒక పైస మిగులును. లెక్కవ్రాతకు పదుల పద్ధతి సులభమే, కాదనము. అయినను 192ను నిశ్శేషముగా భాగించు సంఖ్యలు 14 కాగా 100ను భాగించునవి 9 మాత్రమే. మన అవ్వలు బడికి పోకయే మూడవవంతును నోటితో చెప్పగలుగుట వారి తెలివితోపాటు ఆ నాణెముల సౌకర్యము కూడ.

ఈ సంయుక్తసంఖ్యలలోను శ్రేష్ఠములైనవానిని వెదకినవాడు మనవాడే. కుంభకోణమున పెరిగిన శ్రీనివాస రామానుజన్ ఆంగ్లదేశమునందుండగా 1915లో వీనిపై ఒక పెద్ద వ్యాసమును ప్రకటించెను. తనకంటె చిన్నదైన ప్రతి సంఖ్యకంటెను ఎక్కువ భాజకములుగల సంఖ్యను అతడు విశేషముగా పరిశీలించెను. 12కు ఆఱు భాజకములు. దానికి లోబడిన యే సంఖ్యకును అన్ని లేవు. 24కు ఎనిమిది, 36కు తొమ్మిది, 48కి పది, 60కి పండ్రెండు. డజను, గడియలోని నిమిషములు 24, గంటలోని నిమిషములు 60: మన యింటి కొలతలన్నియు ఆ పట్టికలో వరుసగా కూర్చుండియున్నవి. ప్రధానసంఖ్య యెవరికిని విడివడనిది కాగా, ఇవి అందఱికిని విడివడునవి.

అయిన ఇంతటి ఉపకారులును ప్రధానసంఖ్యలను కూర్చినచో పుట్టినవే. ఇటుకలు లేక గోడ లేదు. ఆ ఇటుకలు ఎన్ని? సంఖ్యలు పెద్దవగుకొలది ప్రధానసంఖ్యలు పలుచబడును. నూఱులోపల 25, వేయిలోపల 168, పదివేలలోపల 1,229, లక్షలోపల 9,592, పదిలక్షలలోపల 78,498. నూటికి ఇరువదియైదు ఉన్నవి నూటికి ఎనిమిదికి దిగినవి. ఇట్లు పలుచబడి పలుచబడి ఎక్కడనో నిలిచిపోవునా? నిలువదని యూక్లిడ్ అను గ్రీకుపండితుడు క్రీస్తునకు 300 సంవత్సరములకు పూర్వమే నిరూపించెను. అతని యుక్తిని పిండి కలుపుచు చెప్పికొనవచ్చును. ఎవరైనను "ప్రధానసంఖ్యలు ఇంతే" అని ఒక పట్టిక తెచ్చినచో, వానినన్నిటిని గుణించి ఒకటి కూడుడు. వచ్చిన సంఖ్యను ఆ పట్టికలోని దేనితో భాగించినను ఒకటి మిగులును. కావున పట్టికలో లేని ప్రధానసంఖ్య యొకటి వేఱుగా ఉండియే తీరవలెను. 2, 3, 5, 7లను గుణించి ఒకటి కూడిన 211, ఇది ప్రధానసంఖ్యయే. కాని ఎల్లప్పుడును అట్లు వచ్చునని పొరపడరాదు. 2, 3, 5, 7, 11, 13లను గుణించి ఒకటి కూడిన 30,031 వచ్చును. అది 91 వంటి వేషధారి. 59ని 509తో గుణించిన వచ్చునది. అయినను 59, 509 రెండును పట్టికలో లేని ప్రధానసంఖ్యలే గనుక యూక్లిడ్ మాటకు హాని లేదు.

వేషధారుల ప్రస్తావన వచ్చినది. 91చేత మోసపోయిన బాలికకు తోడుగా ఒక మహాపండితుని చూపుదుము. ఫ్రాన్సుదేశమున మెర్సెన్ అను క్రైస్తవసన్న్యాసి 1644లో కొన్ని మహాసంఖ్యలను ప్రధానసంఖ్యలని ప్రకటించెను. రెండును అనేకపర్యాయములు గుణించుకొనిపోయి తుదకు ఒకటి తీసివేసిన వచ్చు సంఖ్యలవి. అందు 67 రెండ్లను గుణించి ఒకటి తీసివేయగా వచ్చునది 147573952589676412927; ఇరువదియొక్క అంకెలు. ఇది ప్రధానసంఖ్య యనెను. రెండువందల యేండ్లకు పైగా ఎవరును కాదని నిరూపింపలేదు. 1876లో లూకా అను ఫ్రెంచి గణితజ్ఞుడు ఇది సంయుక్తసంఖ్య యని నిరూపించెను. కాని దాని కారణాంకములేవో అతనికిని తెలియలేదు! మూత బిగిసిన డబ్బాను కదపిన లోపల ఒకటికంటె ఎక్కువ వస్తువులున్నవని చప్పుడునుబట్టి తెలియును. అవి యేవో మూత తీసినగాని తెలియదు. ఇదియును అట్టిదే. తుదకు 1903లో కోల్ అను అమెరికా ఆచార్యుడు పండితసభలో నల్లబల్లయొద్దకు పోయి ఒక ప్రక్క ఆ 67 రెండ్ల లెక్కను చేసి, మఱియొక ప్రక్క 193707721ని 761838257287తో గుణించి, రెండును ఒకటే యని చూపి, ఒక్కమాటయైన పలుకక పోయి కూర్చుండెనని చెప్పుదురు. ఇందులకు ఎంతకాలము పట్టినదని యడుగగా, మూడేండ్ల ఆదివారములనెనట. మెర్సెన్ పట్టికలో తప్పు ఇదొక్కటే కాదు. లేనిపోనివి రెండు చేరినవి, ఉండవలసినవి మూడు జాఱిపోయినవి. అయినను నేటికిని ఆ జాతి సంఖ్యలకు మెర్సెన్ పేరే నిలిచియున్నది. 2024 అక్టోబరులో కనుగొనబడిన 4 కోట్ల 10 లక్షల అంకెలకు మించిన ప్రధానసంఖ్యయు ఆ జాతిదే.

ప్రధానసంఖ్యకును సంయుక్తసంఖ్యకును గల భేదములో పండితులను విస్మయపఱచునది ఇదియే. ఒక పెద్దసంఖ్య ఏ కులమునకు చెందినదో తేల్చుట యొక పని. సంయుక్తమైనచో విడదీయుట మఱియొక పని. మొదటిది సులభము. కాన్పూరునందలి ఐ.ఐ.టి.లో మణీంద్ర అగర్వాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా అను మువ్వురు 2002 ఆగస్టులో, సంఖ్య యెంత పెద్దదైనను మితమైన కాలములో నిస్సందేహముగా దీనిని తేల్చు మార్గమును చూపి లోకమును ఆశ్చర్యపఱచిరి. అందును కయాల్, సక్సేనాలు అప్పుడే పట్టము పొందిన పిల్లవాండ్రు. రెండవదానికి అట్టి మార్గము మన సాధారణ కంప్యూటరులకు ఇంతవఱకు దొరకలేదు. రెండు సంఖ్యలను గుణించుట పాలు పెరుగు తోడువేయుట వంటిది. విడదీయుట పెరుగునుండి మరల పాలు తీయుట వంటిది.

ఈ కష్టమునే కొందఱు తాళముగా మార్చిరి. 1977లో అమెరికాలో రివెస్ట్, షమీర్, ఏడిల్మన్ అను మువ్వురు, రెండు మహాప్రధానసంఖ్యలను గుణించి ఆ లబ్ధమును ఊరంతకు చాటినను, ఆ రెండును దాచుకొన్నవానికి తప్ప అన్యులకు తెఱవరాని రహస్యలేఖనమును కల్పించిరి. తాళము వీథిలో ఉన్నను తాళపుచెవి బొడ్డున ఉన్నట్లు. బ్యాంకులకును వారి ఖాతాదారులకును నడుమ కంప్యూటరులలో నడచు సంభాషణను కాపాడు తాళములలో ఇది ప్రసిద్ధమైనది. నేడు వాడుకలోనున్న లబ్ధములు తఱచుగా 617 అంకెలుగలవి. అయితే తాళము చిన్నదైన దొంగకు లోకువ. ఆ మువ్వురు 1977లో పందెముగా ప్రకటించిన 129 అంకెల సంఖ్యను 1994లో వందలకొలది కంప్యూటరులు కూడబలుక్కొని విడదీసినవి. అందులకే సంఖ్యలను పెంచుచున్నారు. బ్యాంకు సంకేతపదమును ఎవరికిని చెప్పవలదని మీకు మాటిమాటికి హెచ్చరికలు వచ్చుచుండును గదా. గణితము వేసిన తాళమును దొంగలు విఱువలేక మన నోటినుండి తాళపుచెవిని లాగుటకు చూచుచున్నారు. ఫోనులో తియ్యగా మాటలాడువారిని నమ్మవలదని ఈ సందర్భమున మేమును ఒక మాట చేర్చుచున్నాము.

ఇక "ఆడపిల్లవు, నీకేల?" అను మాటకు ప్రత్యుత్తరము. దీనిని మేము చెప్పుటకంటె సోఫీ జెర్మేన్ చెప్పుట మేలు. ఆమె 1776లో పారిసు నగరమున పుట్టినది. పదుమూడేండ్ల ప్రాయమున, విప్లవకాలపు అల్లరులలో ఇల్లు కదలరాక, తండ్రి పుస్తకములలో గణితమును చదువనారంభించినది. ఆడపిల్లకు ఇది తగదని తల్లిదండ్రులు రాత్రివేళ ఆమె గదిలో నిప్పును దీపమును వెచ్చని దుస్తులను లేకుండ చేసిరట. ఆమె దాచుకొన్న క్రొవ్వువత్తులు వెలిగించుకొని, దుప్పట్లు చుట్టుకొని, చలికి సిరా గడ్డకట్టుచుండగా చదివెనని చెప్పుదురు. 1794లో పారిసునందు ఒక గొప్ప కళాశాల తెఱవబడినది. స్త్రీలకు ప్రవేశము లేదు. ఆమె ఉపన్యాసముల ప్రతులను సంపాదించి చదివి, లెబ్లాన్ అను మగపేరుతో తన సమాధానములను లగ్రాంజి అను ఆచార్యునకు పంపినది. ఆ పేరుతోనే 1804 మొదలు జర్మనీలోని గౌస్ మహాశయునితో సంఖ్యాశాస్త్రమునుగూర్చి ఉత్తరములు నడపినది. ఫ్రెంచిసేన ఆయన నగరమును ఆక్రమించినప్పుడు, ఆయన ప్రాణమునకేమగునో యని తనకు తెలిసిన సేనానికి కబురంపినది. దానితో ఆమె గుట్టు బయటపడినది. లెబ్లాన్ స్త్రీ యని తెలిసికొని గౌస్ 1807లో వ్రాసిన జాబులో, లోకాచారములవలన పురుషులకంటె ఎన్నియో యెక్కువ అడ్డంకులు దాటి వచ్చిన ఆమె ధైర్యమును మిక్కిలి కొనియాడెను.

ఆమె పేరు నేడు ప్రధానసంఖ్యలలోనే నిలిచియున్నది. ఒక ప్రధానసంఖ్యను రెట్టించి ఒకటి కూడినప్పుడు మరల ప్రధానసంఖ్య వచ్చినచో మొదటిదానిని జెర్మేన్ ప్రధానసంఖ్య యందురు. 11ను రెట్టించి ఒకటి కూడిన 23, అదియు ప్రధానసంఖ్యయే. 23ను రెట్టించి ఒకటి కూడిన 47, అదియును. 13ను రెట్టించి ఒకటి కూడిన 27, అది కాదు. ఫెర్మా అను పండితుడు విడిచిపోయి, 1995లో గాని సంపూర్ణముగా పరిష్కారము ప్రకటింపబడని యొక చిక్కుప్రశ్నలో కొంతభాగమును ఆమె ఈ సంఖ్యలతో సాధించినది. ఇట్టివి అనంతములా కావా యని నేటికిని తేలలేదు. మఱియొక సంగతి. పదార్థముల కంపనములనుగూర్చి పారిసు విద్వత్సభ ప్రకటించిన బహుమానమునకు ఆమె 1811లో పంపిన వ్యాసములో తప్పులున్నవని త్రిప్పివేసిరి. 1813లో మరల పంపగా మెచ్చుకొని ఊరకుండిరి. మూడవమాఱు, 1816లో, బహుమానమిచ్చిరి. మొదటిమాఱే పుస్తకము మూసి పెట్టెలో వేసియుండిన మాట వేఱు.

సోదరీ, మీరు అయిదవ తరగతితో మానితినని సిగ్గుపడుచున్నారు. పైని మేము వ్రాసినదానిలో భాగహారమును మించిన విద్య యేమియు లేదు. మీ భర్తగారికిని ఈ పుటను చదువనిచ్చి, లెక్కలు లేని చదువు కావలెనో వద్దో పిల్ల పదవ తరగతి దాటిన పిమ్మట తానే చెప్పుకొనునట్లు కొంతకాలము ఓర్వుడని మా మాటగా చెప్పుడు. ఈ ఆదివారము మధ్యాహ్నము పెట్టెనుండి ఆ పుస్తకమును మీరే తీసి, పిల్లప్రక్కన కూర్చుండి, 101 మొదలు 200 వఱకు సంఖ్యలు వ్రాసి ఇద్దఱును కలిసి జల్లెడ పట్టుడు. ఈమాఱు ఏడుతో చాలదు. 11, 13లతో గూడ జల్లింపవలెను. ఏల చాలదో పిల్ల మీకు చెప్పవలెను. ఇందు 91కి తోబుట్టువులు పలువురు దాగియున్నారు. 119, 133, 143, 161, 187లయెడ మెలకువగా నుండవలెను. పని ముగిసినప్పుడు 21 సంఖ్యలు మిగులవలెను. ఎక్కువైనను తక్కువైనను కాగితమును మాకు పంపుడు; ఎఱ్ఱసిరా వాడక చూచి, పై మాసములో జాబు వ్రాసెదము.